ఆట బంద్ పెడితె సదువు అబ్బుతదా?

జర దగ్గరికి జరుగుండ్రి బిడ్డా, సలి ఎక్కువున్నది. మంటల ఇంకో రెండు కట్టెలు ఎయ్యిరా. కాకతి రాజుల కత చెప్పుమంటున్నరు గని, అది రేపు చెప్త. ఇయ్యాల మా బడి ముచ్చట చెప్పాలె. ఎందుకంటె పొద్దటి సంది ఇంట్ల ఒక్కటే లొల్లి. పెద్దపిల్ల వచ్చే ఏడు పదో తరగతికి వస్తదట, ఇగ ఖోఖో బంద్, ఉరుకుడు బంద్, వాలీబాల్ బంద్ అని దాని నాయిన తేల్చి చెప్పిండు. కొడుకా, నువ్వు సుత ఇట్ల వచ్చి కూసో. నీ మీద కోపం లేదు నాకు. నీ భయం నాకు తెల్వంది కాదు. బతుకంత బళ్ళె ఆటల సారుగ పనిజేసిన. అదే భయంతోటి నా దగ్గరికి వచ్చిన తల్లిదండ్రులను ఎంతమందినో సూసిన. అందుకే ఈ ముచ్చట నీకు సుత చెప్తున్న.

మేం సదువుకునే కాలంల మా వాడకట్టుల గడియారం ఉన్న ఇల్లు దొరుకుడే కష్టం. మాకు గడియారమంటే ఆజంజాహి మిల్లు కూత. 1934ల నిజాం కాలంల పెట్టిన మిల్లు అది. వరంగల్ల ఎన్ని కుటుంబాలు దాని మీద బతికినయో లెక్కలేదు. ఇప్పుడు మిల్లు లేదు, కూత లేదు. అప్పుడు తెల్లారగట్ల షిఫ్టు కూత ఇనబడంగనే మా అవ్వ లేపుతుండె. రాత్రి మిగిలిన మక్క గట్కల మజ్జిగ పోసుకొని తాగి, అంగీ తొడుక్కొని, చెప్పుల్లేని కాళ్ళతోటి గ్రౌండుకు ఉరుకుడే. ఎండ పొడిసేదాక ఆట. ఇంటికొచ్చి తానం జేసి పుస్తకాలు పట్టుకొని బడికి పోవుడు. బడి ఇడిసినంక మల్ల గ్రౌండు. పొద్దుగూకినంక కందిలి ముంగట కూసునుడు. కందిలి అద్దం తుడుసుడు గూడ మా పనే. మసి పట్టిన అద్దం పెడితె అక్షరాలు అలుక్కపోయి కనబడుతుండె, నిద్ర సుత జల్ది వస్తుండె. అద్దం తెల్లగ మెరిసేటట్టు ముగ్గుపిండితోటి రుద్ది పెట్టిన నాడు ఇంకో పాఠం ఎక్కువ సదివేది.

మేం ఆడింది ఒక్క ఆట కాదు. ఇప్పటి పిల్లలను సూస్తె ముందుగాల "నీది ఏ గేమ్?" అని అడుగుతరు. మా కాలంల ఆ మాటనే లేకుండె. కాలాన్ని బట్టి ఆట మారుతుండె. వానలు పడి ఎర్రమన్ను మెత్తబడితె కబడ్డీ, పడ్డా మోకాళ్ళు పగలయి. దసరా ముందు ఎన్క వాలీబాల్, ఖోఖో, ఎందుకంటె బడుల నడుమ పోటీలు అప్పుడే పెడుతుండ్రి. ఉరుకుడు, దునుకుడు వాటితోటే సాగేటియి. సలి మొదలైతె బాల్ బ్యాడ్మింటన్. సంక్రాంతి దాటినంక మాత్రం మా డ్రిల్లు సారు నెట్టు ఇప్పి, మడిసి, అర్రల పెట్టి తాళమేస్తుండె. "ఇగ మార్చి పరీక్షలు అయినంకనే ఈ తాళం తీస్త" అని అంటుండె. అడుక్కున్నా ఇయ్యకపోయేది. పొద్దుగాల రెండు రౌండ్లు ఉరికి ఇంటికి పోవుడు, అంతే. ఏడాదిల ఏ నెల దేనికో మాకు ఎవ్వలు కాయితం మీద రాసియ్యలే. అయినా అందరికి తెల్సు.

బాల్ బ్యాడ్మింటన్ అంటె మీరు టీవీల సూసే షటిల్ అనుకునేరు. అది వేరే. ఈకలుండయి, పసుపుపచ్చ ఉన్నితోటి చేసిన బంతి ఉంటది, రెండంగుళాల మందం. అరచేతిల పెట్టుకుంటె బరువే తెల్వది, 30 గ్రాములకు మించది. ఒక్కో దిక్కు ఐదుగురు. మా కాలంల 29 పాయింట్లకు గేమ్, ఇప్పుడు 35 చేసిన్రు. బయట ఆడే ఆట కాబట్టి దానికి గాలితోటి పడది. జర గాలి లేసిందంటె బంతి మనం కొట్టిన దిక్కు పోదు. అందుకే సలికాలం పొద్దుగాల, గాలి లేవకముందే ఆడాలె. అప్పుడేమో మంచు. తడిసిన నేల మీద బంతి దొర్లిందంటె ఉన్ని నీళ్ళు పట్టి బరువెక్కుతది, రాకెట్ దారాలు వదులైతయ్. అంగీ అంచుల పెట్టి బంతిని ఒత్తుకుంట, ఒత్తుకుంట ఆడుతుంటిమి. గేమ్ అయ్యేసరికి అంగీ అంచంత పసుపుపచ్చ నూగు. అదే అంగీతోటి బడికి పోతుంటిమి.

ఆ ఆటకు వరంగల్ల ఎంత గౌరవముండెనో తెల్వాలంటె జమ్మలమడక పిచ్చయ్య గారి పేరు చెప్తె సాలు. కృష్ణా జిల్లాల పుట్టి మన దగ్గర స్థిరపడ్డ మనిషి. 1970ల ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. బాల్ బ్యాడ్మింటన్‌ల ఆ అవార్డు మొట్టమొదలు అందుకున్నది ఆయననే. నూరేండ్లు దాటి బతికి 2021 డిసెంబర్ల పోయిండు. గసొంటి మనిషి మన ఊర్లె తిరుగుతుండంటె మాకు ఎట్లుంటుండెనో అనుకోండ్రి. ఢిల్లీల ఇచ్చే అవార్డు మన వాడకట్టుకు సుత నడిసొస్తదని అప్పుడు తెలిసింది.

ఇగ మా సార్ల ముచ్చట. మా డ్రిల్లు సారుకు, లెక్కల సారుకు మొదట్ల అస్సలు పడకపోయేది. ఆఖరి పీరియడ్ డ్రిల్లు. బోర్డు పరీక్ష దగ్గరికొచ్చిన కొద్ది లెక్కల సారు ఆ పీరియడ్ నాకియ్యుండ్రి అంటుండె. డ్రిల్లు సారు ఇయ్యనంటుండె. పెద్దసారు ఎటూ చెప్పలేక నడుమ నలిగిపోయేది. ఒకనాడు ఆరునెల్ల పరీక్ష మార్కులు వచ్చినయ్. మా వాలీబాల్ టీంల నెట్టు మీద ఎగిరి కొట్టేటోడు, వాని అంత ఎత్తు ఎగిరేటోడు జిల్లాల ఇంకోడు లేకుండె, లెక్కల్ల తప్పిండు. వాన్ని టీంల నుంచి తీసెయ్యుమన్నరు. మేమందరం గోడ ఎన్క నిలబడి ఇంటున్నం. డ్రిల్లు సారు అన్న మాట నాకు ఇయ్యాల్టికి యాదికున్నది. "తీసేస్తె వాడు లెక్కల దిక్కు పోతడా సార్? సినిమా హాలు దిక్కు పోతడు. గ్రౌండుల ఉంటె కనీసం నా కండ్ల ముంగట ఉంటడు" అన్నడు. అని ఊకోలే. ఆ సాయంత్రం లెక్కల సారు ఇంటికి పోయి అరుగు మీద కూసున్నడు. "నా పీరియడ్‌ల సగం నువ్వు తీసుకో. దానితోటి నా పిల్లలను సుత తీసుకో" అన్నడట.

అప్పటి సంది ఇద్దరూ ఒక్కటైన్రు. ఎవరు ఎన్నడు ఆటకు పోతున్నరో లెక్కల సారుకు ముందుగాలనే తెలుస్తుండె. ఎవరు ఏ లెక్క దగ్గర ఆగిన్రో డ్రిల్లు సారుకు తెలుస్తుండె. మేం పోయిన రోజుల్ల జరిగిన పాఠాలు రాసిపెట్టేటందుకు ఆటలాడని పిల్లగాన్ని ఒక్కొక్కనికి జత చేసిన్రు. నాకు జతైనోని రాత ముత్యాలే. వానికి నేను సైకిల్ తొక్కుడు నేర్పిన.

జిల్లాల గెలిసి రాష్ట్రం ఆటలకు పోతున్నప్పుడు కాజీపేటల సికింద్రాబాద్ ప్యాసింజర్ ఎక్కినం. బండి కదిలిందో లేదో డ్రిల్లు సారు సంచిల నుంచి పల్లిపట్టీల పొట్లం తీసిండు. పొట్లం కింద కాయితాలు. ఒక్కొక్కనికి ఒక్క కాయితం, లెక్కల సారు సొంత చేత్తోటి రాసినయ్. ఎవని బలహీనం ఏదో వానికి అదే. నాకు బీజగణితం, ఎగిరి కొట్టేటోనికి వడ్డీ లెక్కలు. లెక్క చేసినోనికే పల్లిపట్టి. మేం నవ్వినం, "సార్, మీకు లెక్కలు రావు గదా, తప్పో ఒప్పో ఎట్ల చెప్తరు?" అన్నం. "నాకు లెక్క రాదు గని లెక్క చేసినోని మొఖం తెలుస్తది" అన్నడు. జనగామ దాటేసరికి మా కంపార్ట్‌మెంట్ల కూసున్న పెద్దమనుషులు గూడ పెన్సిలు అడిగి మా లెక్కల్ల చెయ్యి పెట్టిన్రు. ఒకాయన రైల్వే గుమస్తా ఉండె, వడ్డీ లెక్క ఆయన చెప్పినంత బాగ ఎవ్వలు చెప్పలే.

తప్పినోన్ని టీంల నుంచి తీసెయ్యని గీ ముచ్చట ఎందుకు ఇంత లోతుగ చెప్తున్ననంటె, అమెరికల టెక్సస్ రాష్ట్రంల 1984ల ఒక చట్టం చేసిన్రు. ఒక్క సబ్జెక్ట్ తప్పినా కొన్ని వారాలు పోటీలల్ల ఆడొద్దు. "పాస్ కాకుంటె ఆట లేదు" అని దానికి పేరు. మన వరంగల్ నుంచి డల్లాస్ పోయినోళ్ళ పిల్లలు గిప్పుడు ఆ చట్టం కిందనే సదువుతున్నరు. అక్కడ ఒక మంచి ఉన్నది. ఆటలు బడిలనే ఉంటయ్, చలికి ముందు ఒక ఆట, చలిల ఒక ఆట, ఎండలు ముదరకముందు ఇంకో ఆట. మన డ్రిల్లు సారు నెట్టు మడిసి తాళమేసినట్టే, దేని కాలం దానిది. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం సుత 2016ల చెప్పింది: 15, 16 ఏండ్లు వచ్చేదాక పిల్లలను ఒక్క ఆటకే కట్టెయ్యకుండ్రి, వారంల ఒకటి రెండు దినాలు, ఏడాదిల కొన్ని నెలలు ఆ ఆటకు ఇరామం ఇయ్యుండ్రి అని. ఒక్క ఆటనే ఏడాదంత ఆడితె అవే కీళ్ళు, అవే నరాలు అరుగుతయ్. నా చేతుల మీద పెరిగిన పిల్లలల్ల గూడ నేను సూసిన, మూడు ఆటలు ఆడినోని కంటె ఒక్క ఆటనే పట్టుకున్నోనికే భుజం నొప్పి, మోకాలు నొప్పి జల్ది వచ్చేది. గని తప్పిన పిల్లగాన్ని ఆటల నుంచి తీసేసుడు మాత్రం నాకు నచ్చదు. నేను మా డ్రిల్లు సారు దిక్కే. తప్పినోన్ని బయటికి పంపితె వానికి గ్రౌండూ పోతది, పుస్తకమూ పోతది.

1969 వచ్చింది. జై తెలంగాణ ఉద్యమం. బడులు, కాలేజీలు నెలల తరబడి బందయినయ్, పరీక్షలు ఎనుకకు పోయినయ్. వరంగల్ల ఊరేగింపు లేని దినం లేదు. మాకు మొదలు మొదలు సంబురమే అనిపించింది, పొద్దటి నుంచి పొద్దుగూకేదాక ఆడొచ్చని. కొన్ని దినాలకే తెలిసింది, బడి లేకుంటె ఆట సుత నిలబడదని. ఎవ్వలు ఎప్పుడు వస్తరో తెల్వది, టీం కుదరది, ఆడాలన్న ఆకలి ఉండది. రోజంత ఆడొచ్చు అన్నప్పుడు ఎవ్వలికి ఆడబుద్ధి కాదు. అప్పుడు డ్రిల్లు సారే ఇంటింటికి తిరిగిండు. పొద్దుగాల గ్రౌండు, ఆటెన్క అక్కడనే ఒక చెట్టు కింద పుస్తకం అని పెట్టిండు. పరీక్ష ఎప్పుడుంటదో ఎవ్వలికి తెల్వకున్నా చెట్టు కింద కూసోని సదివినం. తర్వాత పరీక్షలు వచ్చినప్పుడు ఆ చెట్టు కింద కూసున్నోళ్ళు చేతులెత్తెయ్యలే.

ఒక్క ముచ్చట మాత్రం చెప్తుంటె నాకు గుండె బరువైతది. మా చెల్లె. నాకంటె జోరుగ ఉరుకుతుండె. వాడకట్టుల మగపిల్లలు ఎవ్వలు దాన్ని పట్టలేకపోతుండ్రి. ఓణీ ఏసినంక గ్రౌండుకు పోవద్దన్నరు. గ్రౌండు బంద్ అయితె సదువు ఎక్కువ అబ్బుతదని మా నాయిన అనుకున్నడు. అబ్బలే. గ్రౌండుకు పోయేటప్పుడు తోడు పోయే దోస్తులు పోయిన్రు, వాళ్ళతోటి కలిసి సదువుకునుడు పోయింది, ఏడాది తిరగకముందే బడి సుత బందయింది. కొడుకా, నీ మేనత్త ముచ్చటే ఇది. ఆమె ఎన్నడు నోరు తెరిసి చెప్పలేదు గని, ఇప్పటికీ టీవీల ఆడపిల్లల ఉరుకుడు పోటీ వస్తె లేసి నిలబడతది.

ఇప్పుడు కాలం మారింది, సూడు. పర్వతగిరి మండలంల కల్లెడ అని ఊరు, మనకు ఎంత దూరం? ఆ ఊరి బడిల విలువిద్య నేర్చుకున్న వర్ధినేని ప్రణీత 2008ల బీజింగ్ ఒలింపిక్స్‌ల బాణం పట్టింది. అదే ఊరి జీవాంజి దీప్తి. పుట్టుకతోటే బుద్ధి ఎదుగుదల తక్కువున్న పిల్ల, పేదోళ్ళ ఇల్లు, ఊర్లె ఎన్ని మాటలన్నరో. ఆ పిల్ల ఉరుకుడు ముందుగాల బళ్ళె ఆటల సారు కంట్ల పడ్డది. అటెన్క నాగపురి రమేష్ సారు, 2016ల ద్రోణాచార్య అందుకున్న కోచ్, హైదరాబాద్ తోలుకపోయి తయారు చేసిండు. 2024 మే నెలల జపాన్ దేశం కోబెల 400 మీటర్లు 55.07 సెకండ్లల్ల ఉరికి పారా అథ్లెటిక్స్‌ల తన విభాగంల ప్రపంచ రికార్డు కొట్టింది. అదే ఏడు సెప్టెంబర్ల పారిస్ పారాలింపిక్స్‌ల కంచు పతకం తెచ్చింది. మొదలు సూసినోడు ఎవరు? బడిల ఆటల సారు. ఆ బళ్ళె గ్రౌండు లేకుంటె, ఆ పీరియడ్ లేకుంటె, ఆ పిల్ల ఉరుకుతదని ఎవ్వలికి తెలుస్తుండె?

ఇంకో పిల్ల అగసర నందిని, సాంఘిక సంక్షేమ గురుకులంల సదివింది. 2023ల హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్ల హెప్టాథ్లాన్‌ల కంచు పతకం. హెప్టాథ్లాన్ అంటె రెండు దినాలల్ల ఏడు పోటీలు. హర్డిల్స్, హైజంప్, షాట్‌పుట్, 200 మీటర్లు మొదటి దినం. లాంగ్‌జంప్, జావెలిన్, 800 మీటర్లు రెండో దినం. ఒక్కటి బాగ వస్తె సాలదు, ఏడూ రావాలె. పెద్దపిల్లా, ఖోఖోల మలుపు తిరుగుడు, వాలీబాల్ల ఎగురుడు, ఉరుకుడు, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి పనికొస్తయని నీకు ఎవ్వలు చెప్పకున్నా నీ కాళ్ళకు తెలుసు.

మన హనుమకొండ జేఎన్ స్టేడియం సుత యాదికి తెచ్చుకో. 2021 సెప్టెంబర్ల నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడ జరిగినయ్. పంజాబ్ పిల్ల హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకండ్లల్ల ఉరికింది. 2002 నుంచి ఎవ్వలు కదపని దేశం రికార్డు, మన ఊరి ట్రాక్ మీద పోయింది. ట్రాక్ ఉన్నది, స్టేడియం ఉన్నది. లేనిదేందంటె పిల్లల దగ్గర పొద్దు. అపార్ట్‌మెంట్ అసొంటి బిల్డింగుల బడి, కాలు సాపుకునే జాగ లేదు, తెల్లారకముందు స్టడీ అవర్, రాత్రి మల్ల స్టడీ అవర్. రెండిటి నడుమ ఆట ఎక్కడ పెట్టాలో ఆ పసిపిల్లలే లెక్క చూసుకోవాలె. మా కాలంల ఆ లెక్క సార్లు సూసుకుండ్రి, మేం ఉరికినం, సదివినం, అంతే. పద్నాలుగేండ్ల పిల్ల ఒక్కతే అన్నీ సర్దుకోవాలనుడు అన్యాయం.

ఆటతోటి సదువు పాడైనోళ్ళు లేరా అంటె ఉన్నరు. నా శిష్యులల్లనే ఉన్నరు. క్యాంపులని నెలలకు నెలలు తీసుకపోయి, పుస్తకం ముట్టనియ్యకుండ ఉంచి, సీజన్ అయినంక ఇంటికి పంపితె ఆ పిల్లగాండ్లు మల్ల క్లాసుల కలవలేకపోయిన్రు. నేను పెద్దపిల్లను అట్ల పంపుమంటలేను. సంక్రాంతి దాక ఆడనియ్యి, అటెన్క తాళమెయ్యి, పొద్దుగాల ఉరుకుడు మాత్రం ఉంచు. రాత్రి నిద్ర కోసి సదివించకు, ఆడిన ఒంటికి నిద్ర లేకుంటె మెదడుకు ఏదీ ఎక్కది. ఆటకు పోయిన దినాల పాఠాలు రాసిచ్చేటందుకు ఒక దోస్తును సూడు.

ఎగిరి కొట్టేటోడు ఏమైండో చెప్పలే గదా. వడ్డీ లెక్కలు ఒంటబట్టినయ్, బోర్డు పరీక్ష గట్టెక్కిండు. అదే ఆటతోటి రైల్వేల స్పోర్ట్స్ కోటాల నౌకరి వచ్చింది. ఆ కోటాల నౌకరి కావాలన్నా మెట్రిక్ పాస్ కావాలె, ఆట ఒక్కటి ఉంటె ఇయ్యరు. పాస్ అయిన కాయితం ఒక చేతిల, ఆటల సర్టిఫికెట్లు ఇంకో చేతిల పట్టుకొని పోయిండు. కాజీపేటలనే పనిజేసి అక్కడనే రిటైర్ అయిండు.

రేపు సోమవారం గదా. నేను సుత వస్త, ఇద్దరం బడికి పోదాం. ఆటల సారును, లెక్కల టీచరమ్మను ఒక్క దగ్గర కూసోబెట్టి మాట్లాడుదాం. వచ్చే ఏడు యూనిట్ టెస్టులు ఎప్పుడెప్పుడు పెడుతరో ఆమెను అడుగుదాం, జోనల్ ఆటలు, జిల్లా ఆటలు ఏ నెలల్ల ఉంటయో ఆయనను అడుగుదాం. రెండూ ఒక్క కాయితం మీద పక్కపక్కన రాసుకుంటె ఎక్కడ తగులుకుంటయో తెలుస్తది. తగులుకున్న కాడ ఏది ఇడిసిపెట్టాలె అన్నది ముందు పిల్లనే అడుగుదాం.